షార్ట్ ఫిల్మ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్: ఎంచుకోవాల్సింది షూటింగ్‌కి ముందే

షూటింగ్ ముగిసి, రషెస్ (తీసిన ముడి ఫుటేజ్) అన్నీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాక "ఇప్పుడు దేంట్లో ఎడిట్ చేద్దాం?" అని చాలామంది అడుగుతుంటారు. అప్పటికే ఆలస్యమైపోయింది. కెమెరా ఏ ఫార్మాట్‌లో రాసింది, సెకనుకి ఎన్ని ఫ్రేములు తీసింది, మాటలు లొకేషన్‌లోనే రికార్డయ్యాయా లేక డబ్బింగ్ చెప్పాలా అన్నవన్నీ షూటింగ్ రోజునే తేలిపోతాయి. సాఫ్ట్‌వేర్ వాటిని మోయగలిగితే సరే. లేకపోతే ఒక్కో క్లిప్పునీ మార్చుకుంటూ కూర్చోవాలి.

ఇక్కడ చెప్పేదంతా ఒక మామూలు లెక్కకి సంబంధించింది: పది పదిహేను నిమిషాల తెలుగు షార్ట్ ఫిల్మ్, ఒక ఫోనో మిర్రర్‌లెస్ కెమెరానో, 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, జేబులో పెద్దగా లేని డబ్బు.

షూటింగ్‌కి వారం ముందు, అదే కెమెరాతో, అదే సెట్టింగ్‌లతో రెండు నిమిషాల ఫుటేజ్ తీయండి. మనిషి నడుస్తూ మాట్లాడే షాట్ ఒకటి, ట్యూబ్‌లైట్ కింద ఒకటి, రాత్రి వీధి లైటు వెలుగులో ఒకటి ఉండాలి. దాన్ని కట్ చేసి, రంగు దిద్ది, తెలుగు టైటిల్ వేసి, ఎక్స్‌పోర్ట్ చేసి, ఫోన్‌లోనూ టీవీలోనూ చూడండి. మొదటి నుంచి చివరిదాకా ఏ మెట్టూ వదలొద్దు. టైటిల్ దగ్గర చిక్కు ఉందని టైటిల్ వేస్తేనే తెలుస్తుంది. వీటితోపాటు ఒక టేక్ మాత్రం పది నిమిషాలు ఆపకుండా తీయండి. మాటకీ పెదవికీ పొత్తు జారిపోవడం రెండు నిమిషాల్లో కనిపించదు, పదో నిమిషంలో కనిపిస్తుంది.

ముందు ఫైలు చూడండి

మీడియాఇన్ఫో అని చిన్న ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. క్లిప్పుని దాంట్లో తెరిస్తే నాలుగు సంగతులు చూడాలి: కోడెక్ (వీడియోని కుదించి రాసే పద్ధతి) హెచ్.264నా హెచ్.265నా, బిట్ డెప్త్ (రంగుని ఎన్ని మెట్లలో రాసింది) 8నా 10నా, క్రోమా సబ్‌శాంప్లింగ్ (రంగు వివరం ఎంత ఉంచింది) 4:2:0నా 4:2:2నా, ఫ్రేమ్‌రేట్ మోడ్ కాన్‌స్టంటా (ఎప్పుడూ ఒకటే) వేరియబులా (మారుతూ ఉండేది). సాఫ్ట్‌వేర్ ఎంపికలో సగం ఈ నాలుగు మాటల దగ్గరే తేలిపోతుంది.

హెచ్.264, హెచ్.265 రెండూ చోటు తగ్గించడానికి పుట్టినవి. ప్రతి ఫ్రేమునీ పూర్తిగా దాచవు. ఒక పూర్తి ఫ్రేము దాచి, ఆ తర్వాతి వాటిలో మారినదాన్ని మాత్రమే రాసుకుంటాయి. చూసేటప్పుడు ఇబ్బంది లేదు. ఎడిటింగ్‌లో ప్లేహెడ్‌ని (ఇప్పుడు ఏ ఫ్రేము చూస్తున్నామో చూపే గీత) ముందుకీ వెనక్కీ లాగుతుంటే మాత్రం కంప్యూటర్ ప్రతిసారీ వెనక్కి వెళ్లి, పూర్తి ఫ్రేము వెతికి, అక్కణ్నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. ల్యాప్‌టాప్ హ్యాంగ్ అవుతోందని సాఫ్ట్‌వేర్‌ని తిట్టేవాళ్లలో చాలామందికి అసలు కారణం ఇదే. ఆ లెక్క కట్టే పనిని గ్రాఫిక్స్ చిప్ తీసుకుంటే బండి సాఫీగా నడుస్తుంది. అది తీసుకుంటోందో లేదో తెలుసుకోవడానికి విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ దగ్గర వీడియో డీకోడ్ గ్రాఫ్ చూడండి. క్లిప్ ప్లే అవుతున్నప్పుడు ఆ గ్రాఫ్ కదలకుండా సీపీయూ మాత్రం నిండిపోతుంటే, భారమంతా ప్రాసెసర్ మీదే పడుతోందని అర్థం.

8 బిట్ 4:2:0 ఫైళ్లని ఈమధ్యవచ్చిన ఏ ల్యాప్‌టాపైనా మోస్తుంది. చిక్కంతా 10 బిట్ 4:2:2 హెచ్.265 దగ్గర. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో మంచి క్వాలిటీ మోడ్ అంటే చాలావాటిలో ఇదే. దీన్ని చిప్పులోనే విప్పే సామర్థ్యం ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లలోని సొంత గ్రాఫిక్స్‌కి ఉంది. ఆపిల్ ఎం1 నుంచి ఉంది. ఎన్‌విడియాలో 50 సిరీస్‌తో వచ్చింది. అంతకుముందరి ఎన్‌విడియా కార్డు ఎంత ఖరీదైనదైనా ఈ ఒక్క రకం ఫైలు దగ్గర చేతులెత్తేస్తుంది. ఎడిటింగ్ కోసమే ల్యాప్‌టాప్ కొనబోయేవాళ్లు గ్రాఫిక్స్ కార్డు పేరు కంటే ముందు ఇది చూసుకోవాలి.

ఐఫోన్‌తో తీసేవాళ్లకి ఒక మాట. 12 నుంచి వచ్చిన చాలా మోడళ్లలో హెచ్‌డీఆర్ (వెలుగునీడల్ని మరింత విస్తారంగా రాసే పద్ధతి) వీడియో ఉంటుంది. ఆ ఫుటేజ్‌ని మామూలు టైమ్‌లైన్‌లో (క్లిప్పులు వరసగా పేర్చే చోటు) వేస్తే ఆకాశం తెల్లగా కాలిపోయినట్టు, ముఖాలు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. కెమెరా సెట్టింగ్స్‌లో హెచ్‌డీఆర్ వీడియోని ఆపేసి తీయడం తేలిక. ఇప్పటికే తీసేసి ఉంటే, కింద చెప్పబోయే డావిన్చి రిజాల్వ్ సాఫ్ట్‌వేర్‌లో కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫార్మ్ అనే ఎఫెక్ట్ వేసి ఇన్‌పుట్ రెక్ 2020, హెచ్ఎల్‌జీ అనీ, అవుట్‌పుట్ రెక్ 709, గామా 2.4 అనీ ఇస్తే దారికొస్తుంది.

రిజాల్వ్, ప్రీమియర్, కేడెన్‌లైవ్, ఇంకా ఫోన్ యాప్‌లు

డబ్బు పెట్టలేనివాళ్లకి మా మొదటి సలహా డావిన్చి రిజాల్వ్ ఫ్రీ వెర్షనే. 2009లో బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ కొన్న కంపెనీది ఇది. మొదట రంగులు దిద్దడానికే పుట్టింది కాబట్టి కలర్ పేజీ దాని బలం. ఎడిటింగ్, గ్రాఫిక్స్, సౌండ్ కూడా అదే సాఫ్ట్‌వేర్‌లో వేరువేరు పేజీలుగా ఉంటాయి. ఫ్రీ వెర్షన్‌లో 3840×2160 వరకు, సెకనుకి 60 ఫ్రేముల వరకు ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు, వాటర్‌మార్క్ పడదు. స్టూడియో వెర్షన్‌కి మాత్రమే చెందిన ఎఫెక్ట్‌ని తెలియక వాడితే అప్పుడు పడుతుంది. ఆ ఎఫెక్ట్ తీసేస్తే సరిపోతుంది. రాత్రి సీన్లకి పనికొచ్చే నాయిస్ రిడక్షన్ స్టూడియోలోనే ఉంది. స్టూడియో ధర 295 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు.

ఫ్రీ వెర్షన్ ఎక్కడ ఆగిపోతుందో ముందే తెలిసి ఉండాలి. విండోస్‌లో ఇందాకటి 10 బిట్ 4:2:2 హెచ్.265 ఫైళ్లు తెరుచుకోవు. మాట వినిపిస్తుంది, బొమ్మ రాదు, లేదా మీడియా ఆఫ్‌లైన్ అని ఎర్రటి తెర వస్తుంది. ఫైలు పాడైందని కంగారుపడి మళ్లీ కాపీ చేసుకుంటూ రోజు పోగొట్టుకోకండి. షటర్ ఎన్‌కోడర్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ హెచ్‌క్యూఎక్స్‌లోకో ప్రోరెస్‌లోకో (రెండూ ఎడిటింగ్‌కి తేలికైన, చోటు ఎక్కువ తినే కోడెక్‌లు) మార్చుకుంటే తెరుచుకుంటాయి. లైనక్స్‌లో ఇంకా కష్టం. అక్కడ ఫ్రీ వెర్షన్ మామూలు హెచ్.264ని కూడా తీసుకోదు.

అలా మార్చుకునే ముందు డిస్క్ లెక్క వేసుకోండి. 12 నిమిషాల సినిమాకి పది రెట్లు తీశారనుకుంటే 2 గంటల రషెస్. కెమెరా సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున రాస్తే గంటకి 45 జీబీ, మొత్తం 90 జీబీ. అదే 4కె రషెస్‌ని 25 ఫ్రేముల ప్రోరెస్ 422లోకి మారిస్తే గంటకి 221 జీబీ. రెండు గంటలకి 440 జీబీ దాటుతుంది. 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఇది పట్టదు. కాబట్టి టేకులు చూసి, పనికొచ్చేవి ఏరి, వాటినే మార్చండి. అంతకంటే తేలికైన దారి, షూటింగ్‌కి ముందే కెమెరాని 8 బిట్ 4:2:0కి పెట్టుకోవడం. లాగ్ ప్రొఫైల్‌లో (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా వెలిసినట్టు తీసే సెట్టింగ్) తీసి గట్టిగా గ్రేడింగ్ చేయాలన్న పట్టుదల లేకపోతే, వెలుగు జాగ్రత్తగా చూసుకున్న 8 బిట్ ఫుటేజ్ షార్ట్ ఫిల్మ్‌కి చక్కగా సరిపోతుంది.

ఫైలు తెరుచుకుంటుంది గానీ నెమ్మదిగా నడుస్తోందంటే, దానికి మందు ప్రాక్సీ, అంటే అసలు క్లిప్పుకి చిన్న నకలు. 1080 సైజులో ప్రోరెస్ ప్రాక్సీ చేస్తే 25 ఫ్రేములకి గంటకి 17 జీబీ చాలు. కటింగ్ అంతా ఆ చిన్న ఫైళ్ల మీద చేసి, ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు ఫైళ్ల నుంచి తీస్తారు. రిజాల్వ్, ప్రీమియర్, కేడెన్‌లైవ్ మూడింటిలోనూ ఈ ఏర్పాటు ఉంది. రంగులు దిద్దేటప్పుడు మాత్రం ప్రాక్సీ ఆపి అసలు ఫైలు చూడాలి. లేకపోతే నాయిస్ ఎంత ఉందో తెలియదు. ప్రాక్సీలూ క్యాష్ ఫైళ్లూ ఎస్ఎస్‌డీలో ఉండాలి. పెన్ డ్రైవ్ మీద నుంచో, మెమరీ కార్డు మీద నుంచో నేరుగా ఎడిట్ చేయొద్దు.

రిజాల్వ్ గ్రాఫిక్స్ మెమరీని బాగా తింటుంది. వేరే గ్రాఫిక్స్ కార్డు లేని, 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో జీపీయూ మెమరీ నిండిందన్న మెసేజ్ పదే పదే వస్తుంది. మామూలు ఎడిటింగ్‌కి 16 జీబీ, ఫ్యూజన్ పేజీలో గ్రాఫిక్స్ చేయాలంటే 32 జీబీ ర్యామ్ ఉండాలని తయారీదారే చెబుతున్నాడు. అంత లేనివాళ్లు కేడెన్‌లైవ్ చూడండి. కేడీఈ వాళ్ల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్, లైనక్స్ రెండింటిలోనూ నడుస్తుంది, పాత ల్యాప్‌టాప్‌లని కనికరిస్తుంది. కట్, డిజాల్వ్, సౌండ్ ట్రాకులు, టైటిళ్లు అన్నీ ఉన్నాయి. లాగ్‌లో తీసిన 10 బిట్ ఫుటేజ్‌కి రంగులు దిద్దడంలో మాత్రం రిజాల్వ్‌కి చాలా వెనక ఉంది. పెద్ద ప్రాజెక్టుల్లో అప్పుడప్పుడు మూసుకుపోవడమూ ఉంది. పది నిమిషాలకోసారి సేవ్ చేసే అలవాటు ఉండాలి. షాట్‌కట్ ఇంకా తేలిక, కానీ కథా చిత్రానికి ఇరుకనిపిస్తుంది.

అడోబీ ప్రీమియర్ ప్రోకి నెలనెలా కట్టాలి, 2013 నుంచి ఆ కంపెనీ దారి అదే. ఎడిటింగ్ వృత్తిగా పెట్టుకోవాలనుకునేవాళ్లు నేర్చుకోవాల్సిందే. యాడ్ ఏజెన్సీల్లో, యూట్యూబ్ ఛానళ్లలో ఎక్కువగా అడిగేది అదే. ఏడాదికి ఒక షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లకి ఆ ఖర్చు దండగ. సబ్‌స్క్రిప్షన్ ఆపేశాక పాత ప్రాజెక్ట్ తెరవాలన్నా మళ్లీ కట్టాల్సిందే. క్రాక్ చేసిన కాపీ సంగతి సూటిగా చెప్పాలి: వద్దు. స్టాప్ అనే ర్యాన్‌సమ్‌వేర్ వ్యాపించింది ముఖ్యంగా క్రాకుల దారినే. అది పట్టుకుంటే డిస్క్‌లో ఉన్న రషెస్ అన్నీ తాళం పడిపోతాయి. మళ్లీ తీయలేని షాట్లని అలా పణంగా పెట్టొద్దు, పైగా రిజాల్వ్ ఫ్రీగా ఉన్నప్పుడు ఆ అవసరమే లేదు.

మ్యాక్ ఉన్నవాళ్లకి ఐమూవీ దాంతోపాటే వస్తుంది. మొదటి సినిమాకి చాలు. ఫైనల్ కట్ ప్రో ఆపిల్ పరికరాల్లో మాత్రమే నడుస్తుంది. వేగంలో దానికి సాటి తక్కువ, కానీ మీ స్నేహితుల ల్యాప్‌టాప్‌లన్నీ విండోస్ అయితే ప్రాజెక్ట్ చేతులు మారడం కష్టం.

ఫోన్ యాప్‌లకి కైన్‌మాస్టర్ మన దగ్గర బాగా అలవాటైన పేరు. ఫ్రీ వెర్షన్‌లో వాటర్‌మార్క్ పడుతుంది. రీల్స్‌కి బాగుంటుంది. పన్నెండు నిమిషాల సినిమాకి వద్దనడానికి కారణం స్క్రీన్ చిన్నదని కాదు. అందులో కట్ చేసిన ప్రాజెక్ట్ మరే సాఫ్ట్‌వేర్‌లోనూ తెరుచుకోదు. సౌండ్ చేసేవాళ్లకి ట్రాకులు విడదీసి ఇవ్వాలంటే మళ్లీ మొదటికొస్తారు. ఇంకొకటి: 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో వివావీడియో కూడా ఉంది. క్యాప్‌కట్ మన ప్లే స్టోర్‌లో దొరకదు. ఎక్కడి నుంచో ఫైలు తెచ్చి ఇన్‌స్టాల్ చేసుకుని, దాని మీద సినిమా కట్ చేయడం గాలిలో మేడ కట్టడమే.

25 ఫ్రేముల ముచ్చట

మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీ బల్బులు సెకనుకి 100 సార్లు మిణుకుతుంటాయి. కంటికి కనిపించదు గానీ కెమెరాకి కనిపిస్తుంది. సెకనుకి 25 ఫ్రేములు, షటర్ 1/50 (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం, సెకనులో యాభయ్యో వంతు) పెడితే ఆ మిణుకు సమంగా సర్దుకుంటుంది. 24 ఫ్రేములకైనా షటర్ 1/50 ఉంచితే చాలు. ఫోన్‌ని దాని మానాన వదిలేస్తే 30 ఫ్రేములు, 1/60 షటర్ తీసుకుని, గోడల మీద నల్లటి పట్టీలు పాకుతాయి. ఎడిటింగ్‌లో అవి పూర్తిగా పోవు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి లెక్క తిరగబడుతుంది. డాలస్‌లో ఉన్న స్నేహితుడు తీసి పంపే సీన్లకి షటర్ 1/60 పెట్టమనాలి, ఫ్రేమ్‌రేట్ మాత్రం అందరూ ఒకటే ఒప్పుకోవాలి. 29.97లో తీసిన షాట్‌ని 25 టైమ్‌లైన్‌లో పడేస్తే కెమెరా పక్కకి తిరిగే చోట బొమ్మ కుదుపుతూ కదులుతుంది. ఆప్టికల్ ఫ్లో (మధ్య ఫ్రేములని లెక్కగట్టి పుట్టించే ఎంపిక) పెడితే కొంత తగ్గుతుంది, చేతులూ వేళ్లూ కదిలే చోట మరకలు మిగులుతాయి.

రిజాల్వ్‌లో ప్రాజెక్ట్ మొదలుపెట్టగానే, ఒక్క క్లిప్పూ తేకముందే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌లైన్ ఫ్రేమ్‌రేట్ పెట్టేయాలి. క్లిప్పులు చేరాక దాన్ని మార్చనివ్వదు. మొదటి క్లిప్ తెచ్చేటప్పుడు "ఫ్రేమ్‌రేట్ సరిపోలడం లేదు, ప్రాజెక్ట్‌ని మార్చనా?" అన్న అర్థంలో ఒక పెట్టె వస్తుంది. చదవకుండా చేంజ్ నొక్కేస్తే, వాట్సాప్‌లో వచ్చిన ఏదో 30 ఫ్రేముల క్లిప్ మీ సినిమా మొత్తానికి ఫ్రేమ్‌రేట్ నిర్ణయించేస్తుంది.

ఫోన్ ఫుటేజ్‌లో మరో తలనొప్పి వేరియబుల్ ఫ్రేమ్‌రేట్. వెలుగు తగ్గినా, ఫోన్ వేడెక్కినా, సెకనుకి 30 తీయాల్సింది కాస్త తక్కువ తీస్తుంది. ప్లేయర్‌లో బాగానే ఉంటుంది. టైమ్‌లైన్‌లో మాత్రం మొదట్లో కలిసిన పెదవీ మాటా పోనుపోను వేరుపడతాయి. ప్రీమియర్ దీన్ని కొంత సర్దుకుంటుంది, మిగతావాటిని నమ్ముకోలేం. హ్యాండ్‌బ్రేక్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఆ క్లిప్ వేసి, వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేట్ 30, కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ అని ఎంచి, క్వాలిటీ ఆర్ఎఫ్ 16 నుంచి 18 మధ్య పెట్టి మార్చుకోండి. ఇక్కడే 25కి దించేద్దామనుకోవద్దు. మధ్యమధ్యలో ఫ్రేములు ఊడిపోతాయి, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వాటిని తెచ్చివ్వలేదు. అసలు రోగం రాకుండా ఉండాలంటే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్‌తో తీయండి. ఐఫోన్‌కి 2023లో, ఆండ్రాయిడ్‌కి 2024లో వచ్చింది, ఫ్రీ. ఫోన్ మోడల్ సహకరిస్తే అందులో 24, 25 ఫ్రేములు, షటర్ మీరే బిగించొచ్చు. ఆ పైన తీసిన క్లిప్పుని మీడియాఇన్ఫోలో మరోసారి చూసుకోండి.

తెలుగు అక్షరం నిలబడుతుందా?

ఇంగ్లిష్‌లో రాసే సాఫ్ట్‌వేర్ పోలికల్లో ఇది ఎప్పుడూ కనిపించదు, మనకి మాత్రం ప్రాణం. ఎంచుకున్న సాఫ్ట్‌వేర్‌లో టైటిల్ తెరిచి ఈ ఐదు మాటలు కొట్టండి: రాష్ట్రం, లక్ష్మి, స్వాతంత్ర్యం, జ్ఞాపకం, కృష్ణ. ఒత్తు కిందికి దిగకుండా పొల్లు కనిపిస్తూ అక్షరాలు పక్కపక్కన నిలబడితే, ఆ టైటిల్ టూల్‌కి తెలుగు పేర్చడం రాదని అర్థం. ఫాంట్ మార్చినా ఉపయోగం లేదు. తప్పు ఫాంట్‌ది కాదు, అక్షరాలని కలిపే ఇంజిన్‌ది.

ప్రీమియర్‌లో దీనికి స్విచ్ ఉంది. ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ దగ్గర టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ అని మార్చి, కొత్త టైటిల్ వేసి చూడండి. కేడెన్‌లైవ్ టైటిల్ టూల్ క్యూటీ అనే టూల్‌కిట్ మీద కట్టింది, అక్షరాలు కలిపే పని హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్ చూసుకుంటుంది కాబట్టి తెలుగు చక్కగా వస్తుంది. రిజాల్వ్‌లో టెక్స్ట్, టెక్స్ట్ ప్లస్ అని రెండున్నాయి. ఒకదాంట్లో కుదిరింది రెండోదాంట్లో కుదురుతుందని అనుకోకండి, రెంటిలోనూ ఆ ఐదు మాటలూ కొట్టి చూడండి.

ఎందులో కుదరకపోయినా పనిచేసే దారి ఒకటుంది. ఇంక్‌స్కేప్ ఫ్రీ సాఫ్ట్‌వేర్, తెలుగుని సరిగ్గా పేరుస్తుంది. అందులో 1920×1080 లేదా 3840×2160 పేజీ తీసుకుని టైటిల్ రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీగా తీసి, టైమ్‌లైన్‌లో పై ట్రాక్ మీద పెట్టండి. ఫాంట్లకి కరువు లేదు. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మండలి, సూరన్న, గురజాడ, తెనాలి రామకృష్ణ, ధూర్జటి, గిడుగు వంటివన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి, సినిమాలో వాడుకోవడానికి లైసెన్స్ అడ్డు కాదు. థ్రిల్లర్ టైటిల్‌కి బరువైన రామభద్ర నప్పుతుంది. చివరి పేర్లకి మండలి సన్నగా, చదవడానికి హాయిగా ఉంటుంది.

టైటిల్‌ని డీటీపీ సెంటర్‌లో చేయిస్తే అది అను ఫాంట్లలో ఉండే అవకాశం ఎక్కువ. అవి యూనికోడ్ కావు. ఆ ఫైలులోని మాటని కాపీ చేసి టైటిల్ టూల్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తుల గజిబిజి వస్తుంది. అందుకని మాటగా కాకుండా పీఎన్‌జీగానో, కర్వ్స్‌గా (అక్షరాలు కాక గీతలుగా) మార్చిన ఫైలుగానో అడిగి తీసుకోండి. సబ్‌టైటిల్స్‌కి అయితే అను అసలు పనికిరాదు. ఎస్ఆర్‌టీ (సబ్‌టైటిల్) ఫైలు యూనికోడ్‌లోనే కొట్టాలి, నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఉండాలి. అది ఏఎన్ఎస్ఐ అని ఉంటే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది, వెనక్కి రాదు.

రెండు వరసల టైటిల్‌లో వరసల మధ్య ఎడం ఇంగ్లిష్‌కి సరిపోయినంత మనకి సరిపోదు. పై వరసలో "ష్ట్ర" ఒత్తులు కింది వరస గుడులకి తగులుతాయి. అక్షరం ఎత్తుకి ఒకటిన్నర రెట్లు ఉంచండి. ఒక్కో అక్షరం టైప్ అవుతున్నట్టు వచ్చే యానిమేషన్లు తెలుగుకి వాడొద్దు. అవి ఒత్తునీ గుణింతాన్నీ వేరే అక్షరాలుగా లెక్కపెట్టి విడగొడతాయి. మాట మొత్తం ఒకేసారి వెలిగేలా పెట్టుకోండి.

చివర్లో పేర్లు పైకి పాకే రోల్ గురించి కొంచెం లెక్క చెప్పాలి, ఎందుకంటే చాలా షార్ట్ ఫిల్మ్‌ల్లో అది వణుకుతుంటుంది. ఒక్కో ఫ్రేముకి బొమ్మ పూర్తి పిక్సెళ్ల లెక్కన కదలాలి. మూడున్నర పిక్సెళ్లు కదిలితే సన్నటి గీతలు మెరుస్తూ వణుకుతాయి. పేర్లన్నీ 1920×5400 పీఎన్‌జీలో పేర్చారనుకుందాం. తెర కింద మొదలై పైన పూర్తిగా మాయం కావాలంటే 5400కి తెర ఎత్తు 1080 కలిపి 6480 పిక్సెళ్లు నడవాలి. ఫ్రేముకి 4 పిక్సెళ్లయితే 1620 ఫ్రేములు, 25 లెక్కన 64.8 సెకన్లు. కీఫ్రేములు (కదలిక మొదలుకీ చివరికీ పెట్టే గుర్తులు) సరిగ్గా 1620 ఫ్రేముల ఎడంతో పెట్టండి, ఈజ్ ఇన్, ఈజ్ అవుట్ (వేగం మెల్లగా పెరగడం, తగ్గడం) వద్దు. ఈ వేగంలో ఒక పేరు తెర మీద దాదాపు 11 సెకన్లుంటుంది, చదవడానికి సరిపోతుంది. రోల్‌ని పాట పొడవుకి సాగదీయాలనిపిస్తే, పేర్ల మధ్య ఎడం పెంచి పీఎన్‌జీని పొడవు చేయండి, వేగాన్ని ముట్టుకోవద్దు.

కటింగ్ తర్వాత ఎవరి చేతికి వెళ్తుంది?

తెలుగులో డబ్బింగ్ మామూలు పద్ధతి. లొకేషన్‌లో తీసిన మాట పైలట్ ట్రాక్‌గానే (డబ్బింగ్‌కి ఆనవాలుగా మాత్రమే) ఉంటుంది. డబ్బింగ్ ఇంట్లోనే చెప్పించుకోవాలంటే రిజాల్వ్‌లోని ఫెయిర్‌లైట్ (సౌండ్) పేజీలో ఏడీఆర్ (డబ్బింగ్) ప్యానెల్ ఉంది. ఏ మాట ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా, ఏ పాత్రది అని జాబితా చేసుకుంటే, బీప్ ఇచ్చి సరిగ్గా ఆ చోటే రికార్డ్ చేస్తుంది. ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఇంత సౌకర్యం అరుదు. లొకేషన్ సౌండ్‌నే వాడేట్టయితే రికార్డర్‌ని 48 కిలోహెర్ట్జ్‌లో ఉంచండి, ప్రతి టేక్‌కీ క్లాప్ కొట్టండి. వేవ్‌ఫామ్ చూసి తనంతట తాను కలిపే సదుపాయం రిజాల్వ్‌లో ఉన్నా, ట్రాఫిక్ హోరులో అది తడబడుతుంది. క్లాప్ ఉంటే చేత్తో కలపడం నిమిషం పని.

ఆర్ఆర్ (నేపథ్య సంగీతం), మిక్సింగ్ వేరేవాళ్లు చేస్తే వాళ్లకేం కావాలో ముందే అడగండి. ప్రో టూల్స్ అనే సౌండ్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాళ్లు ఏఏఎఫ్ (టైమ్‌లైన్‌లోని సౌండ్ ముక్కల్ని వాటి చోట్లతో సహా మోసుకెళ్లే ఫైలు) అడుగుతారు. రిజాల్వ్, ప్రీమియర్ ఇస్తాయి. కేడెన్‌లైవ్ నుంచి ఆ దారి లేదు కాబట్టి మాటలు, ఎఫెక్ట్స్, సంగీతం విడివిడి వేవ్ ఫైళ్లుగా 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తీయాలి. అన్నీ ఒకే చోట మొదలవ్వాలి, మధ్యలో నిశ్శబ్దం ఉన్నా సరే. మొదటి ఫ్రేముకి సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒక ఫ్రేము పొడవు బీప్ పెట్టండి. తిరిగొచ్చిన మిక్స్‌ని ఆ బీప్ మీద పెట్టుకుంటే సింక్ కుదురుతుంది. తోడుగా టైమ్‌కోడ్ (గంట, నిమిషం, సెకను, ఫ్రేము చూపే అంకె) తెర మీద పడిన చిన్న వీడియో కాపీ ఇవ్వాలి. పిక్చర్ లాక్ (ఇక కట్ మార్చం అన్న దశ) అయ్యాకే ఇవన్నీ ఇవ్వండి. తర్వాత ఒక్క షాట్ నాలుగు ఫ్రేములు కోసినా, సంగీతం చేసినవాళ్లు అక్కణ్నుంచి చివరిదాకా మళ్లీ జరపాలి.

డీఐకి (రంగులు దిద్దే చివరి పనికి) వేరేచోటికి పంపితే క్లిప్పుల పేర్లే దారం. రెండు ఫోన్లలోనూ ఐఎంజీ 0001 అన్న ఫైలు ఉంటే, అవతలివాళ్ల దగ్గర ఒకదాని చోట ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. రోజు, కెమెరా, కార్డు కలిపి పేర్లు పెట్టేయండి. ఈ పని ప్రాజెక్ట్‌లోకి తేకముందే జరగాలి, తెచ్చాక మారిస్తే మీ టైమ్‌లైనే తెగిపోతుంది.

రిజాల్వ్ తన ప్రాజెక్టులని మామూలు ఫైళ్లలా ఫోల్డర్‌లో పెట్టదు, తన లైబ్రరీలో దాచుకుంటుంది. ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేస్తే రషెస్ వేరే డిస్క్‌లో భద్రంగా ఉన్నా కట్ చేసిన పనంతా పోతుంది. రోజు చివర ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ప్రాజెక్ట్ నొక్కి, ఆ చిన్న ఫైలుని డ్రైవ్‌లోనో మెయిల్‌లోనో పెట్టుకోండి. సినిమా మధ్యలో ఉండగా కొత్త వెర్షన్‌కి అప్‌డేట్ చేయొద్దు. కొత్తదాంట్లో తెరిచిన ప్రాజెక్ట్ పాతదాంట్లో తెరుచుకోదు, మీ కలరిస్ట్ దగ్గర పాతదే ఉండొచ్చు.

యూట్యూబ్‌కి ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు 1080కి సెకనుకి 8 మెగాబిట్లు, 4కెకి 35 నుంచి 45 అని యూట్యూబే సూచిస్తుంది. అది కనీసం అనుకోండి, రెట్టింపు ఇచ్చినా నష్టం లేదు, అప్‌లోడ్ ఆలస్యమవుతుందంతే. చీకటి సీన్లు ఎక్కువున్న సినిమాకి తప్పకుండా ఎక్కువ ఇవ్వండి, లేకపోతే గోడల మీద మెట్లుమెట్లుగా చారలు పడతాయి. యూట్యూబ్ సౌండ్‌ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (సౌండ్ ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి తగ్గిస్తుంది. మీరు అంతకంటే గట్టిగా మిక్స్ చేసి పంపితే లాభమేమీ ఉండదు, మాటల్లో హెచ్చుతగ్గులు పోవడం తప్ప. ఫెయిర్‌లైట్‌లో లౌడ్‌నెస్ మీటర్ ఉంది, సినిమా మొత్తం ఒకసారి ప్లే చేసి అంకె చూసుకోండి.

థియేటర్‌లో వేయాలంటే డీసీపీ (డిజిటల్ ప్రొజెక్టర్‌కి ఇచ్చే సినిమా ఫైళ్ల మూట) కావాలి. డీసీపీ-ఓ-మ్యాటిక్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీగా చేసిపెడుతుంది. 16:9లో తీసిన సినిమాని 1998×1080 ఫ్లాట్ ఫ్రేములో పెడితే పక్కల సన్నటి నల్ల పట్టీలు మిగులుతాయి, అది మామూలే. ఇక్కడే 24, 25ల పేచీ మళ్లీ ఎదురవుతుంది. 24 అన్ని ప్రొజెక్టర్లూ వేస్తాయి. 25 వేయని పాత సర్వర్లు ఇంకా ఉన్నాయి. ప్రదర్శన థియేటర్‌లోనే అని ముందే తెలిస్తే, 24 ఫ్రేములు, 1/50 షటర్‌తో తీసి, ఇందాకటి రెండు నిమిషాల పరీక్ష కూడా ఆ సెట్టింగ్‌తోనే చేయండి.